మళ్లీ తెలుగు నవల పట్టుకోవాలంటే ఏది ముందు?

"స్కూల్లో ఉన్నప్పుడు తెగ చదివేదాన్ని. పెళ్లయ్యాక, ఉద్యోగంలో పడ్డాక ఒక్క తెలుగు నవల కూడా పూర్తి చెయ్యలేదు. మళ్లీ మొదలుపెట్టాలి. ఏది ఇస్తావు?" మా ఇంటికి పుస్తకాల కోసం వచ్చేవాళ్లలో సగం మంది ఇలాగే అడుగుతారు. మిగతా సగం మంది ఫోన్‌లో 'తప్పక చదవాల్సిన నవలలు' అని ఏదో జాబితా చూపించి, "ఇందులో మొదటిది ఉందా?" అంటారు. మొదటిది చాలాసార్లు వేయిపడగలే. ఇస్తాను. రెండు నెలల తర్వాత నలభయ్యో పేజీలో బస్సు టికెట్ పెట్టి తిరిగొస్తుంది. ఆ టికెట్ చూస్తే నాకు బాధేస్తుంది. పుస్తకం తెచ్చి ఇచ్చిన మనిషి "నాకింక తెలుగు చదవడం రాదులే" అనుకుని వెళ్లిపోతారు, మళ్లీ రారు.

నేను ఏ పుస్తకం ఇచ్చినా ఒక షరతు పెడతాను. చివర ఉండే ఖాళీ కాగితం మీద పెన్సిల్‌తో ఒక్క మాట రాయాలి, పక్కన తమ వయసు వెయ్యాలి. పేరు అక్కర్లేదు. ఇన్నేళ్లలో ఆ కాగితాలు నిండిపోయాయి. ఒకే నవల కింద "నా జీవితం మార్చేసింది, 22" అని ఒకరు, "ఈ హీరోని చెంప మీద కొట్టాలనిపించింది, 41" అని ఇంకొకరు. మొదట్లో ఎవరి మాట నిజమా అని ఆలోచించేదాన్ని. పోనుపోనూ అర్థమైంది, పక్కన వేసిన ఆ అంకె చూడకుండా ఏ అభిప్రాయాన్నీ నమ్మకూడదని. ఎవరైనా ఒక నవల గురించి గొప్పగా చెబితే, "ఎప్పుడు చదివావు? అప్పుడు నీ పరిస్థితి ఏంటి?" అని అడగండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

కింద నేను పోల్చిన నవలలన్నీ నేను చదివినవి, నలుగురికీ ఇచ్చి వాళ్ల మాట విన్నవి.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది సమయం. రోజుకి ఎన్ని పేజీలు చదవగలరో నిజాయితీగా లెక్క వేసుకోండి. పడుకునే ముందు పదిహేను నిమిషాలు చదివేవాళ్లకు వెయ్యి పేజీల నవల ఏడాది పని. సంక్రాంతి సెలవుల్లో నాలుగు రోజులు తీరిగ్గా దొరికేవాళ్లకు లెక్క వేరు.

రెండోది భాష. ఇది చాలామంది పట్టించుకోరు, తీరా దెబ్బతినేది ఇక్కడే. గ్రాంథికం వైపు మొగ్గిన వాక్యం, విశాఖ పలుకుబడి, తెలంగాణ యాస, చిత్తూరు మాట, వీటిలో మీ చెవికి ఏది అలవాటో చూసుకోండి. మీ ఇంట్లో మాట్లాడే తెలుగుకి దగ్గరగా ఉన్న నవల అయితే మొదటి పేజీ నుంచే పరిగెత్తుతుంది. బెంగళూరులోనో డాలస్‌లోనో పెరిగి, తెలుగు అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లలకైతే భాషే మొట్టమొదటి కొలత.

మూడోది మనసు మీద పడే బరువు. మన గొప్ప నవలల్లో చాలావాటికి ముగింపు చేదుగా ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకనో, ఉద్యోగం పోయో టెన్షన్‌లో ఉన్నప్పుడు అలాంటిది చేతికి ఇవ్వడం మంచిది కాదు. నేను ఒకసారి ఆ తప్పు చేశాను, దాని గురించి కింద చెబుతాను.

నాలుగోది వయసు. పైన చెప్పిందే.

| నవల | పట్టే సమయం | భాష | బరువు | ఎవరికి ముందు |
|---|---|---|---|---|
| కాలాతీత వ్యక్తులు | వారం | తేలిక, వాడుక భాష | మధ్యస్థం | దాదాపు ఎవరికైనా |
| చివరకు మిగిలేది | రెండు మూడు వారాలు | కవితాత్మకం, నిదానం | ఎక్కువ | ఇరవైల్లో ఉన్నవాళ్లకు, లేదా యాభై దాటినవాళ్లకు |
| అసమర్థుని జీవయాత్ర | రెండు రోజులు | చాలా తేలిక | చాలా ఎక్కువ | మనసు కుదురుగా ఉన్నప్పుడు |
| అల్పజీవి | మూడు నాలుగు రోజులు | విశాఖ పలుకుబడి, ఉపమానాలు | మధ్యస్థం | చిన్న ఉద్యోగం కష్టం తెలిసినవాళ్లకు |
| అతడు అడవిని జయించాడు | ఒక సాయంత్రం | తేట తెలుగు | ఎక్కువ | పుస్తకం పూర్తి చేసే అలవాటు తప్పినవాళ్లకు |
| చిల్లర దేవుళ్లు | వారం | తెలంగాణ మాట, ఉర్దూ పదాలు | ఎక్కువ | ఊరి చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లకు |
| వేయిపడగలు | నెలలు | సంస్కృత పదాలు, గ్రాంథిక వాసన | మధ్యస్థం | మూడో నాలుగో నవలగా |
| సెక్రటరీ, తులసిదళం | రెండు మూడు రోజులు | చాలా తేలిక | తక్కువ / భయం | వేగం కావాలనుకునేవాళ్లకు |

## కాలాతీత వ్యక్తులు: ఏమీ తోచకపోతే ఇదే

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన ఒకే ఒక్క నవల ఇది. 1957, 58ల్లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లోనే, ముప్పయ్యేళ్లు దాటీ దాటకుండానే పోయారు. బతికుంటే ఇంకేం రాసేవారో అని ఈ నవల మూసిన ప్రతిసారీ అనిపిస్తుంది.

కథ విశాఖపట్నంలో జరుగుతుంది. ఒకే ఇంట్లో ఉంటున్న ముగ్గురి కథలా మొదలవుతుంది. మెడిసిన్ చదివే ప్రకాశం, చదువు కోసం వచ్చిన కల్యాణి, ఉద్యోగం చేసి తండ్రిని కూడా పోషించే ఇందిర. తర్వాత కృష్ణమూర్తి, వసుంధర, డాక్టర్ చక్రవర్తి వచ్చి చేరతారు. ప్రేమలు, అద్దె బాకీలు, మేనమామ పెత్తనం, పరీక్షలు, అన్నీ మనకు తెలిసిన ఇళ్లల్లో జరిగేవే. కానీ ఇందిర లాంటి మనిషిని అప్పటిదాకా తెలుగు నవల చూడలేదు. తనకేం కావాలో తనకు తెలుసు, దాన్ని దాచుకోదు, ఎవరి జాలీ అడగదు. తండ్రి సంపాదించడు, ఇల్లు గడవాలి, అందుకని తన సుఖాన్ని తానే వెతుక్కుంటుంది. నవల ఆమెను దేవతనూ చెయ్యదు, పాపిష్టిదాన్నీ చెయ్యదు.

నా దగ్గరున్న కాపీలో చివరి కాగితం పూర్తిగా నిండిపోయి, వెనక అట్ట లోపలి వైపుకి కూడా పాకింది. అందులో ఒక వరస నన్ను చాలాసేపు ఆపేసింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి "కల్యాణి నచ్చింది, ఇందిర స్వార్థపరురాలు" అని రాసింది. దాని కిందే, అదే చేతిరాతతో, వేరే పెన్సిల్‌తో, "ఇందిరను ఇప్పుడు అర్థం చేసుకున్నాను, 33" అని ఉంది. పద్నాలుగేళ్ల తర్వాత మళ్లీ అడిగి తీసుకెళ్లింది ఆ అమ్మాయి. ఈ మధ్యలో ఏం జరిగిందో నేను అడగలేదు.

మొదటి నవలగా దీన్నే ఎందుకు ఇస్తానంటే, భాష ఎక్కడా కాలికి అడ్డం పడదు. సంభాషణలు ఎక్కువ. అధ్యాయాలు చిన్నవి కాబట్టి రోజుకి ఒకటి చదువుకోవచ్చు. ముగింపు మనసుని నలిపెయ్యదు, ఆలోచనలో పడేస్తుంది. దీని ఆధారంగా 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. సినిమా చూశాం కదా అని నవల వదిలెయ్యకండి, రెండూ వేరువేరు. నచ్చని వాళ్లు చెప్పేది ఏంటంటే, రెండో సగంలో పెళ్లిళ్ల ముడులు కొంచెం అనుకూలంగా విడిపోతాయని. ఆ మాటలో నిజముంది. అయినా ప్రకాశం లాంటి మెతక మనిషి, ఎవరు గట్టిగా చెబితే వాళ్ల వైపు ఒరిగిపోయే మనిషి, మన చుట్టాల్లో ఒక్కడైనా ఉంటాడు. అతన్ని శ్రీదేవి చూసినంత దగ్గరగా ఎవరూ చూడలేదని నా నమ్మకం.

## చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర, అల్పజీవి: ఈ మూడింటి మధ్య తేల్చుకోలేకపోతే

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి 'మనోవైజ్ఞానిక నవలలు' అంటారు. పుస్తకాల షాపులో కూడా ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. మూడింట్లోనూ కథానాయకుడు లోకంతో నెగ్గుకురాలేని మనిషే. అంతవరకే పోలిక. చదివే అనుభవం మాత్రం మూడూ మూడు రకాలు.

బుచ్చిబాబు చివరకు మిగిలేది 1940ల్లో సీరియల్‌గా మొదలైంది. దయానిధి (నిధి) అనే కుర్రాడి తల్లి గురించి ఊరు ఏవేవో అనుకుంటుంది. ఆ మాట అతని వెంటే నడుస్తుంది, పెళ్లిలో, ఉద్యోగంలో, ప్రేమలో. కోమలి, అమృతం, సుశీల, ఇందిర, ఇలా అతని జీవితంలోకి వచ్చిన ఒక్కొక్కరూ అతనికి ఒక్కో ప్రశ్న మిగిల్చి వెళ్తారు. ఎందుకు బతకాలి, చివరికి ఏం మిగులుతుంది అన్నది నవల మొత్తం నడిచే ఆలోచన. వాక్యాలు పొడుగ్గా, వెన్నెల్లో నడిచినట్టు నెమ్మదిగా ఉంటాయి. ఆకాశం, చెట్టు, నీళ్లు కనబడితే బుచ్చిబాబు అక్కడ ఆగిపోతారు. మీరూ ఆగాలి. త్వరగా తర్వాతేమైందో తెలియాలి అనుకునేవాళ్లకు ఇది నరకం.

మన పాఠకుల్లో ఈ నవల మీదున్నంత గొడవ దేనిమీదా లేదు. ఇష్టపడేవాళ్లు దీన్ని తెలుగులో గొప్ప నవల అంటారు, వాక్యాలు అప్పజెబుతారు. కోప్పడేవాళ్లు "ఆ నిధికి పనేం లేదు, తనలో తాను కుమిలిపోవడం తప్ప" అంటారు. ఆడవాళ్లలో చాలామంది చెప్పే అభ్యంతరం నాకు న్యాయంగా తోస్తుంది: ఇందులో ప్రతి స్త్రీనీ నిధి కళ్లతోనే చూస్తాం, అమృతం మనసులో ఏముందో అమృతం నోటితో పూర్తిగా వినం. అయినా తల్లి నింద మోస్తూ తిరిగే ఆ కొడుకు బాధ మాత్రం కల్పన అనిపించదు. మన ఊళ్లల్లో ఒక ఆడమనిషి గురించి అన్న మాట ఆమె పిల్లల పెళ్లిళ్ల దాకా ఎలా వెంటాడుతుందో చూసినవాళ్లకు ఇది అర్థమవుతుంది.

నా పెన్సిల్ కాగితం ఏం చెబుతోందంటే, ఇరవై నుంచి ఇరవై ఆరు మధ్య చదివినవాళ్లు దీన్ని గుండెలకు హత్తుకున్నారు. ముప్పయ్యైదు నుంచి నలభై అయిదు మధ్య చదివినవాళ్లు విసుక్కున్నారు, సగంలో ఆపేశారు. యాభై దాటినవాళ్లు మళ్లీ దగ్గరికి తీసుకున్నారు. పిల్లల ఫీజులు, ఇంటి లోను కట్టుకునే వయసులో ఈ నవలకు చోటుండదని నా అంచనా. మీరు ఆ మధ్య వయసులో ఉంటే దీన్ని కొని దాచుకోండి, ఇప్పుడే చదవకండి.

గోపీచంద్ అసమర్థుని జీవయాత్ర కూడా 1940ల నవలే. చిన్నది, గట్టిగా కూర్చుంటే రెండు రోజులు. భాష ఎంత తేలికంటే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా చదివెయ్యగలరు, అయినా వాళ్లకు ఇవ్వకండి. సీతారామారావు తండ్రి చనిపోతూ వంశం పేరు నిలబెట్టమని చెప్పి పోతాడు. ఆ పేరు కోసం కొడుకు ఆస్తంతా దానధర్మాలకు తగలేస్తాడు. పేరు ఉంటుంది, తిండి ఉండదు. అక్కడి నుంచి పతనం మొదలవుతుంది. తన చేతకానితనానికి తానే సిద్ధాంతాలు అల్లుకుంటాడు, ప్రతి ఓటమికీ ఒక గొప్ప కారణం కనిపెడతాడు. చదువుతూ చదువుతూ "నేనూ ఇంతే కదా" అని ఉలిక్కిపడతాం. గోపీచంద్ ఈ నవలను, ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి అంకితమిచ్చారు. ఆ తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. నవల మొత్తం ఆ 'ఎందుకు'నే నమిలి నమిలి చూపిస్తుంది.

చివరి పేజీలు రాత్రిపూట ఒంటరిగా చదవకండి. నేను చేసిన తప్పు అన్నాను కదా, అది ఇదే. వ్యాపారంలో నష్టపోయి ఇంట్లో కూర్చున్న ఒక బంధువుకి, చిన్న పుస్తకమే కదా తేలిగ్గా అయిపోతుందని ఇచ్చాను. నవల సంగతి ఆలోచించలేదు, పేజీల సంగతే ఆలోచించాను. మూడోరోజు వాళ్లావిడ ఫోన్ చేసి, "అక్కా, ఆయన రెండు రాత్రులుగా నిద్రపోవట్లేదు, ఏం పుస్తకం ఇచ్చారు?" అంది. వెళ్లి కూర్చుని మాట్లాడి తెచ్చేసుకున్నాను. ఆ రోజు నుంచి 'బరువు' అన్న కొలత నా లెక్కలోకి వచ్చింది.

రావిశాస్త్రి అల్పజీవి ఈ మూడింట్లో నాకు ఎక్కువ దగ్గర. సుబ్బయ్య ఒక చిన్న ఉద్యోగి. ఆఫీసులో పైవాడంటే భయం, బావమరిది వెంకట్రావంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య అంటే భయం, ఆఖరికి తన భయం బయటపడుతుందేమోనని భయం. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరు. కోర్టుల్లో, వీధుల్లో చూసిన మనుషుల మాట ఆయన చెవిలో ఉంది. అందుకే ఒక్కో ఉపమానం దగ్గర ఆగి మళ్లీ చదువుకోవాలనిపిస్తుంది. కోస్తా ఉత్తరం జిల్లాల పలుకు అలవాటు లేనివాళ్లకు మొదటి ఇరవై పేజీలు కాస్త ఇబ్బంది. అవి పైకి చదవండి. నోటితో పలికితే చెవి పట్టుకుంటుంది.

మూడింట్లో ఒకటే చదవగలనంటే నా సలహా ఇది. మీకు వాక్యం ముఖ్యమైతే బుచ్చిబాబు. తక్కువ సమయంలో గట్టి దెబ్బ తగలాలంటే గోపీచంద్, మీ ఇంటి పరిస్థితి బాగుంటేనే. నెలాఖరు జీతం కోసం ఎదురుచూసే బతుకు మీదైతే, లేదా మీ నాన్నది అయ్యుంటే, అల్పజీవి. సుబ్బయ్య మీద జాలి, నవ్వు, కోపం ఒకేసారి వస్తాయి, మిగతా ఇద్దరి దగ్గర ఆ నవ్వు దొరకదు.

## అతడు అడవిని జయించాడు: పూర్తి చెయ్యడం మర్చిపోయినవాళ్లకు

డాక్టర్ కేశవరెడ్డి చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆస్పత్రిలో పనిచేశారు. 1980ల్లో రాసిన ఈ చిన్న నవలలో ఒక ముసలాయన, ఒక ఈనబోయే పంది, ఒక అడవి, దాదాపు ఒక్క రాత్రి, అంతే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ ముసలాయన అడవిలోకి వెళ్తాడు. పంది ఈనుతుంది, నక్కలు చుట్టుముడతాయి. పంది పిల్లల్ని తెల్లారేదాకా కాపాడాలి.

మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే దీపం పెట్టే వేళకి అయిపోతుంది. ఫోన్‌కి అలవాటుపడి పది నిమిషాలు కూడా ఒకచోట కూర్చోలేకపోతున్నానని చెప్పే కాలేజీ పిల్లలకు నేను ఇచ్చేది ఇదే. ఒక్కరు కూడా సగంలో ఆపి తేలేదు. దీన్ని హెమింగ్వే ముసలి జాలరి కథతో పోలుస్తారు. పోలిక తప్పు కాదు, కానీ ఈ ముసలాయనకి అడవి గురించి తెలిసినంత, ఏ చప్పుడు దేనిదో, గాలి ఏ వైపు తిరిగితే నక్కకి వాసన తగులుతుందో, అది చదువుతుంటే ఏ పోలికా గుర్తుకు రాదు. జంతువుల బాధ, రక్తం చదవలేనివాళ్లు మాత్రం దీన్ని పక్కన పెట్టండి.

ఇది నచ్చితే తర్వాత సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం పట్టుకోండి. కరువులో గొర్రెల మందను మేపుకోవడానికి నల్లమల ఎక్కే కాపరుల కథ. 2021లో సినిమాగా వచ్చింది కాబట్టి పేరు చాలామందికి తెలుసు. అడవిలో కాపరులు మాట్లాడుకునే కడప మాట కోసమైనా నవల చదవాలి.

## చిల్లర దేవుళ్లు: మన తాతల ఊరు

తెలంగాణ వాళ్లు తమ ఇంటి మాటని అచ్చులో చూసుకోవాలంటే దాశరథి రంగాచార్య దగ్గరికి వెళ్లాలి. నిజాం కాలంలో ఒక పల్లె. దొర, కరణం, వెట్టి, గడీలో (దొర ఇంట్లో) దాసీలుగా ఉండే ఆడబాపల బతుకు. ఆ ఊరికి సంగీతం తెలిసిన పాణి అనే పరాయి మనిషి వస్తాడు. అతనికి ఏమీ తెలియదు కాబట్టి అతనితో పాటు మనమూ ఒక్కొక్కటీ చూసి నివ్వెరపోతాం. ఈ ఏర్పాటు వల్ల ఆ కాలం గురించి ముందుగా ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు.

కోస్తా వైపు పాఠకులు కొందరు "ఉర్దూ మాటలు అర్థం కాలేదు" అని తిరిగిచ్చేశారు. ఖమ్మం, నల్గొండ వైపు వాళ్లు "మా నాయనమ్మ మాట ఇది" అని రెండోసారి తీసుకెళ్లారు. అర్థం కాకపోతే ఆగకండి, నాలుగు వాక్యాలు ముందుకెళ్తే సందర్భం చెప్పేస్తుంది. ఆడబాపల భాగాలు చదవడం కష్టం, రంగాచార్య అక్కడ ఏదీ కప్పిపెట్టలేదు. ఇది నచ్చితే ఆయనదే మోదుగుపూలు, ఆపైన జనపదం వరసగా ఉన్నాయి. లేదంటే వెనక్కి వెళ్లి వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి చదవండి.

## వేయిపడగలు: ఎప్పుడు, ఎలా

విశ్వనాథ సత్యనారాయణ దీన్ని 1934లో రాశారు. 29 రోజుల్లో ఆయన చెబుతుంటే తమ్ముడు రాసి పెట్టారని ప్రతీతి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు నారాయణరావుతో కలిసి బహుమతి పంచుకుంది. పి.వి. నరసింహారావు దీన్ని సహస్రఫణ్ పేరుతో హిందీలోకి తెచ్చారు. దాదాపు వెయ్యి పేజీలు.

సుబ్బన్నపేట అనే ఊరు, ఆ ఊరి దేవుడి వేయి పడగలు ఒక్కొక్కటిగా రాలిపోవడం, అందరికీ చుట్టమైన ధర్మారావు, అతని అరుంధతి, పాము లాంటి పసరిక, దేవదాసి గిరిక. చదివినవాళ్లు పసరికను మర్చిపోలేరు. ఆ అధ్యాయాల్లో విశ్వనాథ ఊహ ఎవరికీ అందదు. అదే సమయంలో, పాత వర్ణ వ్యవస్థే ఊరిని నిలబెట్టిందన్న నవల దృష్టిని గట్టిగా వ్యతిరేకించే పాఠకులు ఎంతోమంది. నేనూ వాళ్లలో ఒకదాన్ని. చదువు, రైలు, ఎన్నికలు అన్నీ నష్టమేనన్నట్టు సాగే చర్చలు నాకు మింగుడుపడవు. అయినా దీన్ని రెండుసార్లు చదివాను. ఒక రచయితతో వాదించుకుంటూ వెయ్యి పేజీలు నడవడం కూడా చదవడమే.

ఇది మొదటి నవలగా వద్దు. రెండు మూడు నవలలు పూర్తిచేసి, చెయ్యి తిరిగాక పట్టుకోండి. మధ్యలో వచ్చే వాదప్రతివాదాలు బరువనిపిస్తే ఆ పేజీలు దాటి కథ దగ్గరికి వెళ్లిపోండి, తప్పేం లేదు. మన పెద్దవాళ్లలో చాలామంది అలాగే చదివారు, పైకి చెప్పరు. ఇంట్లో సంస్కృతం తెలిసిన తాతగారో మాస్టారో ఉంటే రోజుకి పది పేజీలు వాళ్ల చేత చదివించుకోండి, అంతకంటే మంచి దారి లేదు.

## సెక్రటరీ, తులసిదళం: వేగం కావాలంటే

వీటిని తక్కువగా చూడటం నాకు నచ్చదు. యద్దనపూడి సులోచనారాణి నవలల కోసం, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్ల కోసం వారం వారం పత్రిక ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన తరం ఉంది. మా పిన్ని ఏడో తరగతితో చదువు ఆపేసింది, ఆవిడ చేత వేల పేజీలు చదివించింది ఈ రచయితలే. సెక్రటరీలో జయంతి ఆత్మాభిమానం, రాజశేఖరం కారు, ఇద్దరి మధ్య మాటల పంతం ఇప్పటికీ హాయిగా సాగుతాయి. కాలం మారింది కాబట్టి రాజశేఖరం కొన్ని మాటలు ఇప్పటి అమ్మాయిలకు చిరాకు తెప్పిస్తాయి, అది వాళ్ల హక్కు.

తులసిదళం 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు జనం భయపడుతూనే చదివారు. చేతబడి చుట్టూ అల్లిన కథ కాబట్టి మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ 'తులసిదళం కాదు, గంజాయిదమ్ము' అని ఘాటుగా విమర్శ రాశారు. రెండూ వెంటవెంటనే చదివితే ఒక పుస్తకం గురించి ఎలా వాదించాలో తెలుస్తుంది. చదివే అలవాటు పూర్తిగా పోయినవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టినా మంచిదే. పాపం చిన్నపిల్లకి ఏమవుతుందోనన్న ఆత్రం పేజీ తిప్పిస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లులు మాత్రం జాగ్రత్త.

## కొనేటప్పుడు

ఏ నవలైనా కొనే ముందు లోపల అక్షరం సైజు చూడండి. పాత క్లాసిక్‌లను కొందరు మరీ చిన్న అక్షరాల్లో, ముద్దగా అచ్చేస్తున్నారు. నేను ఒకసారి పార్సిల్‌లో తెప్పించుకున్న చివరకు మిగిలేదిలో ఒక ఫారం (పదహారు పేజీల కట్ట) రెండుసార్లు కుట్టి ఉంది, తర్వాతి పదహారు పేజీలు లేనే లేవు. నవల నిదానం కాబట్టి నాలుగు పేజీలు తిప్పేదాకా తెలియలేదు, మళ్లీ చదువుతున్నానేమో అనుకున్నాను. అందుకే వీలైతే షాపుకి వెళ్లి చేత్తో పేజీలు తిరగేసి కొనండి. విజయవాడ ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులు, హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్, ఏటా జరిగే పుస్తక ప్రదర్శనలు ఇందుకు మంచి చోట్లు. పాత కాపీ దొరికితే చివరి కాగితం తిప్పి చూడండి, ఎవరో ఏదో రాసి ఉండొచ్చు.

యాభై పేజీలు చదివినా పట్టు దొరక్కపోతే ఆపెయ్యండి, మొహమాటపడకండి. ఆపిన పేజీ నెంబరు, తేదీ, మీ వయసు వెనక కాగితం మీద రాసి అరలో పెట్టండి. మా కాలాతీత వ్యక్తులు కాపీకి ఇప్పుడు వెనక రాయడానికి చోటు లేదు. నిన్న రెండు తెల్ల కాగితాలు కత్తిరించి మైదా జిగురుతో అంటించాను. పై వీధిలో ఒకమ్మాయి రేపు తీసుకెళ్తానంది, అప్పటికి ఆరుతుంది.